ఏపుగా పెరిగిన చెట్టు ఏల కాయదు?

మా వీధి చివరి ఇంటి పెద్దమ్మగారు ఒక వేసవి సాయంకాలమున ప్రహరీగోడ మీదుగా నన్ను పిలిచి అడిగిన ప్రశ్నతోడనే ఈ అధ్యాయమును ఆరంభించుట సముచితమని తోచుచున్నది. “నాయనా, మొక్కల సంగతులు రాస్తుంటావు గదా, మా జామచెట్టు సంగతేమిటో కాస్త చూసిపో. గింజ మొలిచి ఐదేళ్లయింది. పొద్దున రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు పోస్తున్నాను. పేడ వేస్తున్నాను. బియ్యం కడిగిన నీళ్లు ఒక్కనాడూ పారబోయలేదు. ఆకు చూడు, ఎలా నిగనిగలాడుతోందో! కాయ మాత్రం ఒక్కటి లేదు. దిష్టి గాని తగిలిందంటావా?”

పోయి చూచితిని. కొరడాలవలె నిటారుగ లేచిన కొమ్మలు గోడను దాటి డాబా పిట్టగోడను అందుకొనుచుండెను. ఆకులు అరచేతికంటె పెద్దవి. మొదలు చుట్టును మూరెడు వెడల్పున ఒక పాదు, ఆ పాదులో ఎన్నడును ఆరని బురద. తెగులు లేదు, పురుగు లేదు, ఎండు కొమ్మ ఒక్కటియు లేదు. ఎండిపోవుచున్న చెట్టును గూర్చి అడిగినవారికి, నీరు చాలలేదనియో, వేరుకు చెద పట్టినదనియో చెప్పి పంపవచ్చును. కాని పచ్చగ, పుష్టిగ, కంటికింపుగ పెరుగుచు పూవన్నది ఎరుగని చెట్టును గూర్చి చెప్పవలెనన్నచో, చెట్టు తన సంపాదనను ఎట్లు వ్యయము చేయునో మొదటినుండి చెప్పవలసి వచ్చును. ఆ తల్లి చేసిన సేవలో లోపము లేదు. ఆ సేవకు విరామము లేకపోవుటయే లోపము.

ఏపు వేరు, కాపు వేరు

మన రైతుల నోట ‘ఏపు’, ‘కాపు’ అను రెండు మాటలు నిత్యము వినబడుచుండును. ఏపనగా కొమ్మయు ఆకును వేయు పెరుగుదల. కాపనగా పూతయు పిందెయు. ఈ రెండును ఒకే కుటుంబములోని రెండు ఖర్చులు. కుటుంబపు రాబడి యంతయు ఆకునుండి వచ్చును. ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని, వేరు పంపిన నీటితో చేర్చి, సూర్యకాంతి బలముచేత చక్కెరగా వండును. ఆ చక్కెరలో కొంత ఆ దినపు బత్తెమునకే చెల్లిపోవును. కొంత కొత్త కొమ్మలు, కొత్త వేళ్లు కట్టుకొనుటకు పోవును. మిగిలినచో పిండిగా మారి కొమ్మలలోను వేళ్లలోను గాదెలో ధాన్యమువలె నిలువయగును. పూవు పూచుటయు, పిందె నిలుచుటయు, కాయ పెరుగుటయు పెండ్లి వంటి ఖర్చులు. నిత్యపు సంపాదనతో అవి జరుగవు, గాదె నిండియుండవలెను.

నేలలో నత్రజని సమృద్ధిగ నుండి నీరు ఎడతెగక అందుచున్నంతకాలము, చెట్టు వచ్చిన చక్కెరను వచ్చినట్లు కొత్త కొమ్మలలో పెట్టుచుండును. ఇల్లు కట్టుచుండగనే మరియొక గదికి పునాది తీయు గృహస్థు కూతురి పెండ్లికి ఏమి దాచగలడు? ఈ లెక్కను మొట్టమొదట శాస్త్రరీతిని పరిశీలించి 1918లో ప్రకటించినవారు అమెరికాలోని ఆరెగాన్ వ్యవసాయ కళాశాలకు చెందిన క్రాస్, క్రేబిల్ అను ఇద్దరు పండితులు. వారు తమ పరిశోధనకు ఎన్నుకొన్నది సామాన్యమైన టమాటా మొక్క. నత్రజనియు నీరును మిక్కుటమై, నిలువ పిండి తక్కువైన మొక్కలు ఏపుగ పెరిగినవే గాని కాయలేదు. నత్రజని కొంత తగ్గి పిండి నిలువయైన మొక్కలు విరివిగ కాచినవి. నత్రజని బొత్తిగ లేకపోయినప్పుడో, పిండి పుష్కలముగ నున్నను అవి పెరుగనులేదు, కాయనులేదు. పూతను శాసించునది ఈ నిష్పత్తి యొక్కటే కాదనియు, మొక్క తనలో తాను తయారుచేసికొను హార్మోనులకు ఇందు పెద్దపాత్ర కలదనియు తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అయినను పెరటితోటలో నిలిచి చెట్టును చూచువానికి క్రాస్, క్రేబిల్‌ల లెక్క నేటికిని మంచి చేతికఱ్ఱ.

టమాటా పరిశోధనకు పూర్వమే ఈ రహస్యమును మన దేశపు తోటమాలులు ఆచరణలో ఎరిగియుండిరి. జామకు సంవత్సరములో మూడు పూతలు వచ్చును. మామిడిపూత కాలమున వచ్చు పూతను ‘అంబే బహారు’ అనియు, మృగశిర కార్తెతో వచ్చుదానిని ‘మృగ బహారు’ అనియు, హస్త కార్తెను అనుసరించి వచ్చుదానిని ‘హస్త బహారు’ అనియు అందురు. అంబే బహారు కాయలు వానకాలమున పండును. అవి నీరుబట్టి చప్పగ నుండుటయే గాక పురుగు పాలగును. మృగ బహారు కాయలు మార్గశిర పుష్యములలో చలితో పండి గట్టిగ, తియ్యగ నుండును. అందుచేత తెలివిగల తోటమాలి మాఘమాసము దాటినది మొదలు చెట్టుకు నీరు మాన్పును. దీనినే బెట్టకు ఇచ్చుట యందురు. అంబే పూత రాలును. ఆకు పసుపుపడి చాలవరకు రాలిపోవును. చూచువారికి కడుపు తరుగుకొని పోవును గాని, చెట్టు చావలేదు. పెరుగుదల ఆగిన తరువాతకూడ మిగిలిన ఆకులు కొన్నాళ్లు చక్కెర వండుచునే యుండును, ఖర్చు నిలిచినది, రాబడి పూర్తిగ నిలువలేదు, గాదె నిండును. రోహిణి కార్తె ఎండలు ముదిరిన పిదప పాదును పైపైన త్రవ్వి, చివికిన ఎరువు వేసి, మృగశిర ప్రవేశముతో నీరు పెట్టినచో, పక్షము దినములు తిరుగకమునుపే కణుపు కణుపున ఎఱ్ఱని చిగుళ్లు పొడుచుకొనివచ్చును.

ఆ చిగురును దగ్గరగ చూడుడు. లేత జామకొమ్మ గుండ్రముగ నుండదు; నాలుగు పలకలుగ నుండును, వ్రేళ్ల నడుమ దొర్లించినచో అంచులు తెలియును. ఆకులు జంటలు జంటలుగ ఎదురెదురుగ నుండును. మొదటి రెండు మూడు జంటలను విడిచి తరువాతి ఆకుకాడ మొదటిలో చూచినచో, మిరియపుగింజ యంతటి ఆకుపచ్చని ఉండ యొకటి, ఒక్కొక్కచోట మూడు, కనిపించును. అదియే మొగ్గ. జామ పూయుట ఎప్పుడును ఈ కొత్త చిగురు మీదనే గాని ముదురుకొమ్మ మీద కాదు. కాబట్టియే కొమ్మల కొసలు తుంచినప్పుడు జామ ఎక్కువగ కాచును. ఒక కొస పోయినచోట రెండు మూడు చిగుళ్లు లేచును, లేచిన ప్రతి చిగురును పూతకు ఒక అవకాశము.

కొసను తుంచుటకు మనసొప్పనివారు కొమ్మను వంచవచ్చును. నిటారుగనున్న కొమ్మలో కొనమొగ్గ గ్రామపెద్దవంటిది. అది తయారుచేయు ఆక్సిన్ అను హార్మోను క్రిందికి దిగివచ్చి, దిగువ కణుపులలోని మొగ్గలను తలయెత్తనీయదు. కొమ్మను వంచి అడ్డముగ నిలిపినప్పుడు ఆ పెత్తనము సడలి, కొమ్మ పొడవునను నిద్రించుచున్న మొగ్గలన్నియు మేల్కొనును. జామకొమ్మ సాగెడి జాతిది, సులభముగ విరుగదు. నారత్రాటితో మెల్లగ వంచి, నేలలో దిగవేసిన గుంజకు కట్టి, కొన్ని వారములు అట్లే యుంచినచో చాలును. త్రాడు బెరడును కోయకుండ నడుమ గుడ్డపీలిక చుట్టవలెను.

పెద్దమ్మగారి చెట్టు విషయమున మరియొక కారణము కూడ లేకపోలేదు: అది గింజనుండి మొలిచిన చెట్టు. గింజచెట్టుకు బాల్యావస్థ యుండును. ఆ బాల్యము తీరువరకు ఎంత పోషించినను పూత రాదు. అంటుచెట్టుకు ఈ బాల్యము లేదు, ఏలయనగా అంటు కట్టిన కొమ్మ అప్పటికే యౌవనము పొందిన చెట్టునుండి వచ్చినది. జామకు గాలి అంటు కట్టుట ఇంటివారును చేయదగిన పని. పెన్సిలంత లావుగల కొమ్మకు అంగుళము వెడల్పున చుట్టును బెరడు ఉంగరమువలె ఒలిచి, తడిపిన నాచునో కొబ్బరిపీచునో చుట్టి, ప్లాస్టిక్ కాగితముతో బిగించి కట్టుదురు. కొమ్మ వాడిపోదు, ఏలయనగా వేరునుండి పైకి పోవు నీటిదారి లోపలి కఱ్ఱలో నున్నది, అది తెగలేదు. తెగినది ఆకునుండి క్రిందికి దిగు చక్కెరదారి. అది బెరడులో నున్నది. ఈ భేదమును 17వ శతాబ్దములోనే ఇటలీ వైద్యుడు మార్సెల్లో మాల్పీగీ బెరడు ఒలిచి చూచి గుర్తించెను; ఒలిచినచోటికి పైభాగమున బెరడు ఉబ్బుట ఆయన కంటబడెను. క్రిందికి పోలేక నిలిచిన ఆ చక్కెరయు, హార్మోనులును గుమిగూడినచోటనే తడి తగిలి వేళ్లు పుట్టును. రెండు నెలలలోపుగ ప్లాస్టిక్ కాగితమునకు ఆనుకొని తెల్లని వేళ్లు కనబడును.

వేరు కూడ ఊపిరి పీల్చును

ఆ పాదులోని బురదను ఇక విచారింతము. మొదటికి ఆనించి నీరు పోయుట మనకు అనాదిగ వచ్చిన అలవాటు. కాని చెట్టు మొదటినంటియున్న వేళ్లు స్తంభములవంటివి. అవి చెట్టును నిలుపును గాని నీరు త్రాగుట తక్కువ. త్రాగునవి వెంట్రుకలవంటి పిల్లవేళ్లు, అవి కొమ్మలు నీడపరచినంత మేర వ్యాపించి, జామ వంటి చెట్లలో చాలభాగము నేలపైపొరలోనే యుండును. మధ్యాహ్నపు నీడ అంచు ఎక్కడ పడునో పాదు అంచు అక్కడికి పోవలెను. చెట్టు పెరిగినకొలది పాదును వెడల్పు చేయుచు, మొదటి చుట్టును మట్టి ఎగద్రోసి మొదలు తడియకుండ చూచుకొనవలెను. బొప్పాయికి ఇది ప్రాణముతో సమానమైన జాగ్రత్త: దాని మెత్తని మొదటివద్ద నీరు నిలిచినచో కుళ్లు పట్టి, నిన్నటివరకు కాయలతో నిండియున్న చెట్టు ఒక్కసారిగ కూలిపోవును. జామకు మేలుచేసిన బెట్టయు బొప్పాయికి పనికిరాదు. అది ఏడాది పొడుగునను ఆకు వెంబడి పూవు వేయుచుండు జాతి.

బురద చేయు పెద్దహాని ఊపిరి సలుపనీయకుండుట. వేరు చక్కెరను కాల్చి బలము తెచ్చుకొనును. అందుకు ప్రాణవాయువు కావలెను. మట్టిరేణువుల నడుమనున్న సందులలో సగము నీరు, సగము గాలి యున్నంతకాలము వేరు సుఖముగ నుండును. సందులన్నియు నీటితో నిండినప్పుడు వేరు పని మందగించును, చుట్టును నీరున్నను చెట్టుకు అందదు. నీటిలో నిలిచిన చెట్టు ఒక్కొక్కప్పుడు దాహముతో వాడినట్లు వాడుటకు కారణమిదియే. పాపము, యజమాని అది చూచి మరి రెండు బిందెలు పోయును.

వేళ్ల ఊపిరిని గూర్చి మన దేశమున జరిగిన ఒక గొప్ప పరిశోధనను ఇక్కడ తలచుకొనుట ధర్మము. బీహారులోని పూసా గ్రామమున వ్యవసాయ పరిశోధనాలయము నెలకొల్పబడిన 1905వ సంవత్సరముననే ఆల్బర్ట్ హోవార్డ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ పనిలో ప్రవేశించెను. జామ, మామిడి, నిమ్మ, సీతాఫలము మొదలైన పండ్లచెట్లను కొన్నిటిని కలుపు తీసిన నేలలోను, కొన్నిటిని గడ్డి దట్టముగ పెరిగిన నేలలోను పెంచి, వాని వేళ్లను త్రవ్వి తీసి పరీక్షించెను. గడ్డినేలలోని చెట్లు క్షీణించినవి. గడ్డి నీటిని, నత్రజనిని దొంగిలించుటచేతనే ఇట్లైనదని అందరును తలచుచుండగా, హోవార్డ్ కొన్ని చెట్లవద్ద కందకములు త్రవ్వించి ఇటుకముక్కలతో నింపించెను. గడ్డి అట్లే యున్నను, కందకములగుండ గాలి లోపలికి పోవుటతో చెట్లు తేరుకొనెను. వేసవిలో పైపొర ఎండినప్పుడు లోతువేళ్లును, వానలు పడినప్పుడు పైవేళ్లును వంతులవారీగ పనిచేయుటయు ఆయన గమనించెను. మట్టిని త్రవ్వి వేరును కడిగి చూచుటయన్నది ఎంత సాదా పనియో! అయినను అంతవరకు అట్టి శ్రమకు పూనుకొన్నవారు అరుదు.

ఆ హోవార్డే 1924లో ఇండోరుకు మారి, అక్కడి రైతుల చెత్తచెదారములను పేడతో కలిపి కుప్పవేయు ‘ఇండోరు పద్ధతి’ కంపోస్టును తీర్చిదిద్దెను. ఆ పద్ధతిలోని కీలకము మన భోజనములోనే యున్నది. ఎండుటాకులు, వరిగడ్డి అన్నమువంటివి; వానిలో కర్బనము మెండు. పేడ, పచ్చిరొట్ట, వంటింటి కూరగాయ తొక్కలు పప్పువంటివి. వానిలో నత్రజని మెండు. చెత్తను చివికింపజేయు సూక్ష్మజీవులకు కర్బనము 25, 30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉన్నప్పుడు భోజనము సమముగ నుండును. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి కర్బనము 60 పాళ్లను మించియుండును. అట్టి గడ్డిని పచ్చిగనే మట్టిలో కలిపి త్రవ్వినచో, పప్పులేని అన్నము ముందర కూర్చున్న ఆ జీవులు పొరుగింట, అనగా నేలలో, ఉన్న నత్రజనిని అరువు తెచ్చుకొని తినును. అవి చచ్చి తిరిగి ఇచ్చువరకు చెట్టు ఆకు పాలిపోయి యుండును. ఆ గడ్డినే నేలలో కలుపక పైన పరచినచో ఈ బాధ లేదు.

పైన పరచుటను మన తోటలలో మల్చింగు అను ఆంగ్లపు పేరితోనే పిలుచుచున్నారు. ‘నేలకప్పు’ అన్నచో పనియు పేరును ఒకటే యగును. జానెడు మందమున ఎండుటాకులో, చెరకుపిప్పియో, వేరుసెనగ పొట్టో పరచిన పాదులో మధ్యాహ్నపు ఎండవేళ చేయి పెట్టి చూచినవారు మరల నేలను బోడిగ విడువరు. పైన కాలు మాడుచుండగ లోపల మట్టి చల్లగ, చెమ్మగ, వానపాముల మట్టిగుళికలతో గుల్లగ నుండును. వానపాములను గూర్చి డార్విన్ 1881లో వెలువరించిన గ్రంథములో, ఇంగ్లండులోని అనేకప్రదేశములలో ఎకరమునకు ఏటేట 10 టన్నులకు మించిన మట్టి వాని శరీరములగుండ పోయి పైకి వచ్చుచున్నదని లెక్కవేసెను. పూసాలో ఇటుకముక్కల కందకములు చేసిన పనిని, నేలకప్పు క్రింద ఈ మూగజీవులు కూలి అడుగకుండ చేయును. మన ఉష్ణదేశమున ఒక జాగ్రత్త మాత్రము అవసరము: ఎండుకప్పును మొదటికి తాకింపక జానెడు దూరముంచవలెను, లేనిచో చెదలు బెరడెక్కును, కప్పు క్రింద గుప్పెడు వేపపిండి చల్లుట మంచిది.

కుండ చెమట

వేసవిలో ఊరికి పోవలసి వచ్చినప్పుడు లేతమొక్కల గతియేమి? దీనికి మన ఇంటి మంచినీళ్ల కుండయే సమాధానము. కాల్చిన మట్టికుండకు కంటికి కనబడని రంధ్రములుండుటచే నీరు మెల్లగ వెలుపలికి ఊరును. గాలి ఆ చెమటను ఆర్చుటచే లోపలినీరు చల్లబడును. ఆ కుండనే మొక్కకు మూరెడు దూరమున మెడవరకు పూడ్చి, నీరు నింపి, మూతవేసినచో, గాలికి బదులు ఎండినమట్టి ఆ చెమటను పీల్చును. ఇందలి చమత్కారము చూడుడు: మట్టి ఎంత ఎండియుండిన అంత బలముగ లాగును, తడిసినపిమ్మట లాగుట తగ్గి, కుండ చెమటయు తగ్గును. మొక్క నీరు త్రాగి మట్టి మరల ఎండినప్పుడు చెమట మరల ఊరును. ఎవరును కొలువకుండగనే కొలత తప్పదు. చైనాలో క్రీస్తుపూర్వము 1వ శతాబ్దమున ఫాన్ షెంగ్‌జి రచించిన వ్యవసాయగ్రంథములో, దోసజాతి పాదుల నడుమ నీటికుండను పూడ్చుట వర్ణింపబడియున్నది.

కుండను ఎన్నుకొనునప్పుడు నీరు నింపి ఒక రాత్రి వసారాలో ఉంచి, తెల్లవారి వెలుపల చేయి పెట్టి చెమ్మ తగిలినచో తీసికొనవలెను. రంగువేసినదియు, నున్నని మెరుగుపూత గలదియు పనికిరాదు. ఉప్పునీటి ఊళ్లలో ఒకటి రెండేండ్లకు రంధ్రములు పూడుకొనును. అప్పుడు కుండను పైకి తీసి పీచుతో తోమవలెను. కాపుకు వచ్చిన పెద్దచెట్టుకు ఈ ఉపాయము చాలదు. దానిమ్మ, నిమ్మ మొక్కలు నాటిన తొలి రెండు వేసవులు దాటించుటకు ఇంతకన్న పొదుపైన మార్గము నాకు తెలియదు. దానిమ్మకు నీటి నిలకడ మరింత ముఖ్యము. బహుదినములు ఎండనిచ్చి ఒక్కసారి తడిపినచో, గట్టిపడిన తోలు సాగలేక, లోపలి గింజలు ఉబ్బి, కాయ పగులును.

సీతాఫలపు పూవునకు రెండు వేళలు

పేరు సీతమ్మదైనను, సీతాఫలము అమెరికా ఖండపు ఉష్ణసీమలనుండి వచ్చినది. జామయు, బొప్పాయియు అట్లే. పరదేశమునుండి వచ్చి మన రాళ్లగుట్టలమీద ఎవరును నాటకయే మొలిచి, ఎవరును నీరు పోయకయే కాచుచున్న ఈ చెట్టువలె మన నేలతో చుట్టరికము కలుపుకొన్నది మరియొకటి లేదు. పాలమూరు సీమలోని బాలానగరపు సీతాఫలము ఊరి పేరే తన పేరుగ దేశమంతటను ప్రసిద్ధి పొందినది.

దీనిని గూర్చిన ప్రశ్న వేరు: చెట్టునిండ పూత యున్నను పిందె ఏల నిలువదు? తొలకరి చిగురుతో వచ్చు ఆ పూవును చాలమంది పూవని గుర్తింపనేలేరు. తలక్రిందుగ వ్రేలాడుచు, దళసరియైన మూడు ఆకుపచ్చని రేకులతో, అది ఏదో లేతకాయ చీలినట్లు కనబడును. రేకులు కొంచెము విడినప్పుడు లోపల ఆడభాగము సిద్ధముగ నుండును. జిగురుతో తళుకుమనుచు పుప్పొడికై వేచియుండును. కాని అప్పటికి ఆ పూవులోని పుప్పొడి సిద్ధము కాదు. రేకులు బాగుగ విచ్చుకొని పుప్పొడి రాలు వేళకు ఆడభాగపు జిగురు ఆరిపోవును. ఒకే ఇంట నివసించుచు ఒకరి మొగమొకరు చూడని దంపతులవలె, ఒకే పూవులోని రెండు భాగములును కలిసికొనవు. ఒక పూవు పుప్పొడిని అప్పుడే విచ్చుచున్న మరియొక పూవునకు మోసికొనిపోవునవి గోధుమగింజలో సగమైన లేని చిన్నపెంకు పురుగులు. తేనెటీగ ఆ ఇరుకు రేకులలో దూరలేదు. చెత్తయు, రాలిన పండ్లును, ఆకులును లేకుండ అద్దమువలె ఊడ్చిన పెరడులో ఆ పెంకుపురుగులకు నిలువనీడ యుండదు. నేలకప్పు వలన కలుగు లాభములలో ఇదియు నొకటి.

పురుగుల పనిని చేతితోను చేయవచ్చును. తెల్లవారుజామున, రేకులు పూర్తిగ విచ్చి, లోపలి కేసరములు బూడిదరంగునకు తిరిగిన పూవులను నాలుగింటిని తెంపి, శుభ్రమైన కాగితము మీద తట్టినచో మీగడరంగు పొడి రాలును. పిల్లలు బొమ్మలకు రంగువేయు మెత్తని కుంచెతో ఆ పొడిని అద్దుకొని, రేకులు కొంచెముగ విడిన పూవులలోనికి సున్నితముగ చొనిపి ఒక చుట్టు త్రిప్పవలెను. త్రిప్పుట పూర్తిగ త్రిప్పవలెను. సీతాఫలపు పండు మీద మనము చూచు ఒక్కొక్క కన్ను ఒక్కొక్క అండాశయమునుండి పుట్టినది. పుప్పొడి అందని ప్రక్క కన్నులు ఉబ్బక, పండు ఒక వైపు గూనిపడును. గూనిపడిన సీతాఫలము ఇకమీదట చేతికి వచ్చినప్పుడు, ఏ ప్రక్క పుప్పొడి అందలేదో చెప్పగలరు.

పండు ఈగయు, నిమ్మ పురుగును

కాయ నిలిచినపిమ్మట దానికోసము కాచుకొనియుండునది పండు ఈగ. ఆడుఈగ సూదివంటి తోకతో పండబోవు జామకాయ తోలును గ్రుచ్చి లోపల గ్రుడ్లు పెట్టును. రెండు మూడు దినములలో పిల్లపురుగులు పుట్టి గుజ్జును తినుచు ఒక వారము గడపును, కాయ రాలును. రాలిన కాయను చీల్చిచూచినచో బియ్యపుగింజలవంటి ఆ తెల్లనిపురుగులు తలయు తోకయు దగ్గరగ చేర్చుకొని, విల్లు విడిచినట్లు చెంగున ఎగురును. ఆపై అవి మట్టిలో దూరి, గూడు కట్టుకొని, మరల ఈగలై లేచును. కాబట్టి రాలిన కాయను రాలిననాడే ఏరి, గోనెసంచిలో మూతికట్టి ఎండలో ఉంచుటయో, లోతుగ పూడ్చుటయో చేసినవాని పెరటిలో మరుసటి తరము పుట్టదు. ఒక్కింటివారు ఏరి ప్రక్కింటివారు ఏరకున్న ఫలము సగమే. చలికాలమున ఈ ఈగ ఉధృతి తగ్గును. మృగ బహారు కాయ పురుగులేక దొరకుటకు ఇదియు నొక కారణము.

ఈ ఈగల విషయమున కూడ మరల పూసా పేరే వచ్చుచున్నది. అక్కడి కీటకశాస్త్రజ్ఞుడు హౌలెట్ పరిచయస్థుడొకరు దోమలను తోలుకొనుటకై రుమాలుకు సిట్రొనెల్లా నూనె పూసికొనగా, ఈగలు గుంపులుగ మూగెనట. వచ్చినవన్నియు మగఈగలే! 1912లో దీనిని ప్రకటించి, 1915 నాటికి హౌలెట్ ఆ ఆకర్షణకు మూలమైన పదార్థములలో మిథైల్ యూజినాల్ అనునది ప్రబలమని తేల్చెను. ఆ పదార్థము మన తులసిలోను కలదు. నలిపిన తులసిరెమ్మను చెట్టునీడలో వ్రేలాడదీసి కొంతసేపు ఓర్పుతో నిలిచినచో, పసుపుచారల నడుముగల ఆ మగఈగలు ఒక్కొక్కటిగ వచ్చి వ్రాలుటను మనకన్నులతో మనమే చూడవచ్చును. పిల్లలకు దీనికంటె మంచి పాఠము చెప్పలేము.

నిమ్మచెట్టు మీద మరియొక విచిత్రము కలదు. లేత ఆకు మీద పిట్టరెట్ట పడినట్లు నలుపుతెలుపుల మరకయొకటి యుండును. పుల్లతో తాకినచో అది తల ఎత్తును. తల వెనుకనుండి నారింజరంగుగల రెండుపాయల కొమ్ము నొకదానిని హఠాత్తుగ బయటికి చాచి, ఘాటైన వాసనను విడుచును. అది నిమ్మ సీతాకోకచిలుక యొక్క పిల్లపురుగు. పెరిగినకొలది ఆ రెట్టరూపము విడిచి ఆకుపచ్చని పురుగై, లేత చిగురునంతటిని తినివేయును. మొక్క మోకాలెత్తు ఉన్నప్పుడు ఇవి నాలుగున్నను ప్రమాదమే, చేతితో ఏరివేయవలసినదే. చెట్టు నిలువెత్తు దాటినపిమ్మట నేను వానిని ముట్టను. ఎన్నో పురుగులను పిట్టలును, వానిలో గ్రుడ్లుపెట్టు కందిరీగ జాతులును వెదకి పట్టుకొనును; విషపుమందు చల్లినచో ముందుగ చచ్చునవి ఆ వెదకువారే. మిగిలిన ఒకటి రెండు పురుగులు రెక్కలు విప్పుకొని పోయినను నిమ్మచెట్టుకు వచ్చు లోటు లేదు.

పెద్దమ్మగారికి నేను చెప్పినది మూడు మాటలు: పాదును నీడ అంచువరకు జరిపి ఆకులతో కప్పుట, నాలుగు నిటారుకొమ్మలను వంచి కట్టుట, వచ్చే మాఘము దాటిన తరువాత నీరు మాన్పుట. మొదటి రెండును ఆమె వారములోనే చేయించెను. మూడవది మాత్రము ఆమెకు మిక్కిలి కష్టమైనది. చైత్రమాసమున ఆకు రాలుచున్నప్పుడు, “కన్నబిడ్డకు అన్నం పెట్టకుండా కూర్చున్నట్టుంది నాయనా,” అని కంటతడి పెట్టెను. ఒకటి రెండు మాపటివేళల చెంబెడు నీళ్లు దొంగచాటుగ పోసినట్లు తరువాత తానే ఒప్పుకొనెను. మృగశిర వచ్చినది. నీరు పెట్టిన మూడవ వారమున గోడమీదుగా మరల పిలుపు వచ్చినది. పోయి చూచునప్పటికి ఆమె కళ్లద్దములు సవరించుకొని, వంచిన కొమ్మమీది నాలుగు పలకల చిగురునొకదానిని రెండు వ్రేళ్లతో పట్టుకొని, ఆకుకాడ మొదట నున్న మిరియపుగింజలను లెక్కపెట్టుచుండెను.